ఊపిరి పోసిన వీధి

కోపెన్‌హాగన్ వెళ్లిన ప్రతివాళ్లూ ముందుగా చూసేది సముద్రం ఒడ్డున రాతిమీద కూర్చున్న జలకన్య బొమ్మని. మేమూ చూశాం. 1913 నుంచీ అక్కడే కూర్చుని ఉందట పాపం. మా ఆవిడ కాసేపు చూసి, "ఇంతేనా?" అంది. నిజమే, బొమ్మ చిన్నది. చుట్టూ మూగిన జనమే ఎక్కువ. ఆ తర్వాత న్యూహౌన్ రేవు దగ్గర రంగురంగుల ఇళ్లు, 1843 నాటి తివోలీ తోట, రాజుగారి కోటముందు కాపలావాళ్లు మారే తంతు, ఇవన్నీ అమ్మాయీ అల్లుడూ దగ్గరుండి చూపించారు. 2024 జూన్‌లో మేం వెళ్లాం. అక్కడ జూన్‌లో రాత్రి పది దాకా వెలుతురు ఉంటుంది. పొద్దుపోలేదు గదా అని తిరుగుతూనే ఉంటే కాళ్లు మాత్రం పొద్దుపోయిందని చెప్పేవి.

ఊరంతా సైకిళ్లే. కోటు తొడుక్కున్న పెద్ద ఉద్యోగులు, ముందు పెట్టెలో ఇద్దరు పిల్లల్ని కూర్చోబెట్టుకున్న తల్లులు, డెబ్బై దాటిన ముసలమ్మలు, అందరూ సైకిలు మీదే. కాలినడకన పోయేవాడు సైకిలు దారిలో కాలు పెట్టాడంటే గంట మోగుతుంది. నాకు నాలుగైదుసార్లు మోగింది.

అయితే ఆ ఊళ్లో నేను చూడాలని మనసులో పెట్టుకుని వెళ్లినవి ఇవేవీ కావు. "నాన్నా, అక్కడ చూడటానికేముంది? ఆసుపత్రులూ కాలేజీలూ ఉన్న రోడ్డది" అంది అమ్మాయి, నేను వీధి పేరు చెప్పగానే. ఆ వీధి పేరు బ్లెగ్డమ్స్‌వై. పర్యాటకుల పుస్తకాల్లో దానికి పెద్దగా చోటు లేదు. ఎందుకు వెళ్లాలనుకున్నానో చెప్పాలంటే ముందు మా అక్క సంగతి చెప్పాలి.

అక్క

బరంపురంలో మన సంఘం నడిపే ఆదివారం బడిలో అ ఆలు దిద్దినవాళ్లలో చాలామందికి మా అక్క తెలుసు. కుడికాలికి ఇనుప క్యాలిపర్ తొడుక్కుని, గచ్చుమీద టక్కుటక్కుమని శబ్దం చేసుకుంటూ వచ్చేది. ఆ చప్పుడు వినబడగానే అల్లరి చేసే పిల్లలు పలకలు ఒళ్లో పెట్టుకునేవాళ్లు. వారమంతా బళ్లో ఒరియా చదువుకునే పిల్లలకి ఆదివారం రెండు గంటల్లో తెలుగు నేర్పటం మాటలు కాదు. అక్క ముప్ఫయ్యేళ్లు నేర్పింది.

అక్క నాకన్నా నాలుగేళ్లు పెద్ద. 1967లో, తనకి మూడో ఏట, రెండురోజుల జ్వరం వచ్చింది. మూడోరోజు పొద్దున్న లేచి నిలబడబోతే కుడికాలు నిలవలేదు. అమ్మ ఆ ఉదయం గురించి చెప్పినప్పుడల్లా అక్కడే ఆగిపోయేది. కాలుతో పోలేదు. వెన్ను కూడా ఒక పక్కకి వంగింది. దానివల్ల ఛాతీ ఒకవైపు నొక్కుకుపోయి, మెట్లెక్కినా ఆయాసం వచ్చేది. అయినా పెళ్లయింది, కొడుకు పుట్టాడు, సంసారం నడిపింది.

2021 మే నెల మనలో ఎవరూ మరిచిపోయేది కాదు. అక్కకి కోవిడ్ వచ్చింది. అసలే బలం లేని ఊపిరితిత్తులు. మా ఊళ్లో ఒక ఆసుపత్రిలో గొంతులోకి గొట్టం వేసి, భువనేశ్వర్ తీసుకెళ్లమన్నారు. అంబులెన్సు దొరికింది. మా మేనల్లుడు నీలం రంగు ప్లాస్టిక్ గౌను తొడుక్కుని తల్లి పక్కన కూర్చున్నాడు. నేను వెనక కారులో.

ఖల్లికోట దాటాక అంబులెన్సు రోడ్డు పక్కన ఆగింది. లోపలి ఊపిరి మిషను పనిచేయటం మానేసింది. అందులో ఉన్న కుర్రాడు ఒక రబ్బరు సంచిని గొట్టానికి తగిలించి, దాన్ని ఎలా నొక్కాలో మా మేనల్లుడికి చూపించాడు. నాలుగు సెకన్లకొకసారి నొక్కాలి, వదలాలి. తనేమో సిలిండరు చూసుకోవాలి, గొట్టంలో కఫం తీయాలి. అక్కణ్ణించి భువనేశ్వర్ దాకా రెండు గంటలు. ఆ రెండు గంటలూ వాడు తల్లికి చేత్తో ఊపిరి పోశాడు.

ఆసుపత్రికి చేరేసరికి అక్క బతికే ఉంది. మూడోరోజు తెల్లవారుజామున పోయింది.

పన్నెండోరోజు కార్యక్రమం అయ్యాక మేనల్లుడు నన్ను పెరట్లోకి పిలిచి, "మావయ్యా, బాలుగావ్ దాటాక చెయ్యి పట్టేసింది. ఈ చేతిలోంచి ఆ చేతికి మార్చుకున్నాను. మార్చేటప్పుడు ఒకటో రెండో తప్పాయి" అన్నాడు. నేను, "అదేం కాదురా" అన్నాను. అంతకన్నా నాకేం చేతకాలేదు. వాడు మళ్లీ ఆ మాట ఎత్తలేదు. కానీ అప్పటినుంచీ వాడి మాటే తగ్గిపోయింది.

భువనేశ్వర్‌లో ఆ మూడు రోజుల్లో ఒక మత్తుడాక్టరుగారు వరండాలో టీ తాగుతూ నాతో ఒక మాట అన్నారు. "మీ అబ్బాయి చేసిన పనితోనే ఈ ఐ.సి.యు.లన్నీ పుట్టాయండీ. కోపెన్‌హాగన్‌లో, పోలియో వచ్చినప్పుడు." ఆ హడావిడిలో నాకు అర్థం కాలేదు. తర్వాత తీరిగ్గా ఆ సంగతి చదివాను. నేను బి.కాం. చదివి బ్యాంకులో చేరినవాణ్ణి, వైద్యం నా సబ్జెక్టు కాదు. అందుకని ఒకటికి రెండుసార్లు చదవాల్సి వచ్చింది. రెండేళ్లు తిరక్కుండా అమ్మాయి ఆ ఊరికే కాపురానికి వెళ్లింది.

చలవ చెరువుల దారి

ఒక ఉదయం నేనొక్కణ్ణే బయల్దేరాను. డ్రైవరు లేని మెట్రో రైలెక్కి ట్రయాంగ్లెన్ అనే స్టేషన్లో దిగాను. అక్కణ్ణించే బ్లెగ్డమ్స్‌వై వీధి మొదలవుతుంది. డేనిష్ భాషలో ఆ పేరుకి బట్టలు చలవ చేసే చెరువుల దారి అని అర్థం. ఒకప్పుడు ఊరి బయట ఇక్కడ చిన్నచిన్న మడుగులుండేవి. నగరంలోని నారబట్టలు ఇక్కడికి వచ్చి ఉతుకుపడి, ఎండలో తెల్లబడి వెళ్లేవి. మన చాకిరేవు లాంటిదన్నమాట.

ఇప్పుడా మడుగుల్లేవు. కుడిచేతి వైపు ఫేలెడ్ పార్కు, పచ్చికమీద బంతాట ఆడే పిల్లలు. తర్వాత పెద్ద స్తంభాలతో ఫ్రీమేసన్ల మందిరం. 17వ నంబరు ఇల్లు నీల్స్ బోర్ భౌతికశాస్త్ర సంస్థ. అణువు గుట్టు విప్పిన మహానుభావుల్లో చాలామంది తిరిగిన గుమ్మం. బయటినుంచి చూస్తే మన జిల్లా విద్యాశాఖ కార్యాలయం లాగా నిరాడంబరంగా ఉంది. 9వ నంబరు రిగ్స్ హాస్పిటల్, ఆ దేశానికి పెద్దాసుపత్రి. అది దాటి ముందుకెళితే కోపెన్‌హాగన్ విశ్వవిద్యాలయం వైద్యవిభాగం వారి పానుమ్ భవనాలు. వాటి మధ్య 2017లో తెరిచిన మేర్స్క్ టవరు రాగిరంగులో మెరుస్తూ నిలబడి ఉంది.

నేను వెతికిన బ్లెగ్డమ్ ఆసుపత్రి ఈ వీధిలోదే. 1870ల చివర్లో అంటువ్యాధుల కోసం కట్టిన ఆసుపత్రి అది. 1970ల్లో మూతపడింది. ఇప్పుడక్కడ వైద్యవిద్యార్థులు సైకిళ్లు ఆపుకుని లోపలికీ బయటికీ తిరుగుతున్నారు. నేనొక బల్లమీద కూర్చుని వాళ్లనే చూశాను. నేను చూడటానికి వచ్చింది ఒకరకంగా వాళ్లనే.

ఇనుప ఊపిరితిత్తి

1952 నాటి కథ చెప్పేముందు, అప్పటిదాకా జరిగింది క్లుప్తంగా చెప్పుకోవాలి.

పోలియో సూక్ష్మక్రిమి నోటిద్వారా కడుపులోకి వెళుతుంది. చాలామందికి మామూలు జ్వరంలా వచ్చి పోతుంది. కొద్దిమందిలో మాత్రం వెన్నుపాములోకి చేరి, కండరాలను కదిలించే నరాల కణాలను చంపేస్తుంది. కాలికి సంబంధించినవి చస్తే మా అక్కలా కాలు పోతుంది. ఛాతీకీ, దానికింద ఉండే పొరకీ సంబంధించినవి చస్తే ఊపిరి తీయటం ఆగిపోతుంది. ఊపిరితిత్తులు బాగానే ఉంటాయి, వాటిని ఆడించేవాడు ఉండడు. కొలిమి బాగానే ఉండి, తిత్తి ఊదే మనిషి లేనట్టు.

మరి బయటినుంచి తిత్తి ఆడిస్తే? ఈ ఆలోచన పాతదే. 1864లోనే అమెరికాలో కెంటకీకి చెందిన ఆల్‌ఫ్రెడ్ జోన్స్ మనిషిని మెడదాకా కూర్చోబెట్టే పెట్టెకి పేటెంటు తీసుకున్నాడు. 1876లో ఫ్రాన్సులో డాక్టర్ వోయే చేత్తో ఆడించే రేకు గొట్టం లాంటిది చేశాడు. టెలిఫోను కనిపెట్టిన గ్రాహంబెల్‌కి 1881లో పుట్టిన కొడుకు ఊపిరాడక పోయాడు. ఆ దుఃఖంలో ఆయన గాలి పీల్చే లోహపు చొక్కా ఒకటి తయారుచేశాడు.

అసలు పనికొచ్చే యంత్రం 1928లో బోస్టన్‌లో వచ్చింది. హార్వర్డులో పనిచేసే ఫిలిప్ డ్రింకర్, లూయిస్ అగాసిజ్ షా అనే ఇద్దరు దాన్ని చేశారు. పెద్ద ఇనుప డ్రమ్ము. రోగి తల మాత్రం బయట, మెడచుట్టూ గాలి పోకుండా రబ్బరు పట్టీ. మోటారుతో డ్రమ్ములోని గాలి కొంత లాగేస్తే ఛాతీ తనంతట తానే పైకి లేస్తుంది, ముక్కులోంచి గాలి లోపలికి వెళుతుంది. ఆ గాలి తిరిగి వదిలితే ఛాతీ దిగుతుంది. తొలి యంత్రానికి ఇళ్లలో దుమ్ము ఊడ్చే మిషన్ల పంపులు వాడారంటారు. ఆ అక్టోబరులో బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో స్పృహ లేని ఎనిమిదేళ్ల పాపని అందులో పడుకోబెడితే కొద్ది నిమిషాల్లో కళ్లు తెరిచింది. కొన్నిరోజులకు న్యుమోనియాతో పోయింది గానీ, యంత్రం పనిచేస్తుందని లోకానికి తెలిసింది. జనం దానికి ఇనుప ఊపిరితిత్తి అని పేరుపెట్టారు.

అది ఖరీదైన వస్తువు. ఆ డబ్బుతో ఆ రోజుల్లో అమెరికాలో ఒక ఇల్లు వచ్చేదట. 1931లో జాన్ హేవెన్ ఎమర్సన్ అనే ఆయన చవగ్గా, తేలిగ్గా ఇంకొకటి చేస్తే డ్రింకరు పక్షంవారు కోర్టుకి వెళ్లారు. ఈ ఆలోచన ఎప్పటినుంచో ఉన్నదేనని ఎమర్సన్ పాత కాగితాలన్నీ చూపించాడు. ఉన్న పేటెంట్లే చెల్లకుండా పోయాయి. ఆస్ట్రేలియాలో బోత్ సోదరులు 1937లో దాన్నే ప్లైవుడ్‌తో చేశారు. మోరిస్ కార్ల యజమాని లార్డ్ నఫీల్డ్ 1938లో దాని గురించి తెలుసుకుని, తన కార్ల ఫ్యాక్టరీలో చేయించి, బ్రిటిష్ సామ్రాజ్యంలో అడిగిన ఆసుపత్రికల్లా ఉచితంగా ఇస్తానన్నాడు. సుమారు 1,700 అలా పంచాడు. వ్యాపారస్థుల్లో అలాంటివాళ్లూ ఉంటారు.

కొందరికి కొన్ని వారాలు అందులో ఉంటే బలం తిరిగొచ్చేది. కొందరికి రాలేదు. అమెరికాలో టెక్సస్‌కి చెందిన పాల్ అలెగ్జాండర్ ఆరేళ్ల వయసులో 1952లో అందులోకి వెళ్లి, అందులో ఉంటూనే చదివి లాయరై, నోటితో పట్టుకున్న పుల్లతో తన జీవితకథ రాసుకుని, 78వ ఏట 2024 మార్చిలో కన్నుమూశాడు. మేం డెన్మార్క్ వెళ్లటానికి మూడు నెలల ముందు మాట.

1952

ఇక బ్లెగ్డమ్ ఆసుపత్రి సంగతి. 1951 సెప్టెంబరులో కోపెన్‌హాగన్‌లోనే అంతర్జాతీయ పోలియో సదస్సు జరిగింది. మరుసటి వేసవిలోనే వ్యాధి విరుచుకుపడింది. జూలై చివరి నుంచి డిసెంబరు మొదటి వారం దాకా ఈ ఒక్క ఆసుపత్రిలో చేరినవారు 2,722 మంది. రోజుకి యాభైమంది చేరిన రోజులున్నాయి. ఎక్కువమంది పిల్లలు.

అంత పెద్ద ఆసుపత్రిలో ఉన్నది ఒకే ఒక్క ఇనుప ఊపిరితిత్తి. దానితోపాటు ఛాతీమీద బోర్లించే చిన్నరకం యంత్రాలు ఆరు. మొదటి మూడు వారాల్లో ఊపిరి ఆగిపోయిన 31 మందిని వాటితో చూశారు. 27 మంది చనిపోయారు, అదీ చాలావరకు మూడు రోజుల లోపే. నూటికి 87 మంది. యంత్రాలు చాలకపోవటం ఒక్కటే కాదు కారణం. ఈసారి వచ్చిన జబ్బు గొంతుని కూడా పట్టేసింది. మింగలేరు, దగ్గలేరు. నోట్లో ఊరే నీరే ఊపిరితిత్తుల్లోకి దిగిపోయేది. డ్రమ్ములో పడుకున్నా మునిగిపోతున్న మనిషి పరిస్థితే.

పెద్ద డాక్టరు లాసెన్‌కి ఏంచేయాలో తోచలేదు. ఆయన కింద పనిచేసే బ్యోర్నెబో అనే డాక్టరు, "మత్తుమందిచ్చే ఇబ్సెన్‌ని ఒకసారి పిలిచి అడుగుదాం" అన్నాడు. ఆ రోజుల్లో మత్తుడాక్టరంటే ఆపరేషన్ గదికే పరిమితం. వార్డులో అతనికేం పని? అయినా ఆగస్టు 25న పిలిచారు. బ్యోర్న్ ఇబ్సెన్ వయసు అప్పటికి 36. బోస్టన్‌లో శిక్షణ పొందివచ్చాడు. రోగుల కాగితాలు చూశాడు, చనిపోయినవారి ఊపిరితిత్తులు చూశాడు. రక్తంలో బొగ్గుపులుసు వాయువు ఎక్కువగా ఉంది. దాన్ని మిగతా డాక్టర్లు వేరే ఏదో రసాయనిక మార్పు అనుకున్నారు. ఇబ్సెన్ మాత్రం, "వీళ్లు లోపలి గాలి బయటికి వదలలేక చనిపోతున్నారు. ఊపిరి సరిపడా అందటం లేదు, అంతే" అన్నాడు. చెయ్యవలసిన పని ఆయనకి ఆపరేషన్ గదిలో రోజూ అలవాటైనదే. కండరాలు కదలకుండా మందిచ్చినప్పుడు రోగికి గొట్టం వేసి, రబ్బరు సంచి నొక్కి ఊపిరి పోయటం.

ఆగస్టు 27న ఒక 12 ఏళ్ల అమ్మాయిని ఆయనకి అప్పగించారు. కాళ్లూ చేతులూ పడిపోయి, ఒళ్లు కాలిపోతూ, ఊపిరందక నీలంగా మారిన పిల్ల. మెడమీద చిన్న రంధ్రం చేసి శ్వాసనాళంలోకి గొట్టం వేశారు. సంచి నొక్కితే గాలి లోపలికి పోలేదు. పిల్ల గింజుకుంటోంది. చూడవచ్చిన డాక్టర్లలో కొందరు ఇక లాభంలేదని గదిలోంచి వెళ్లిపోయారట. ఇబ్సెన్ ఆమెకి మత్తుమందిచ్చాడు. గింజుకోవటం ఆగింది. అప్పుడు సంచి నొక్కితే ఛాతీ లేచింది. కాసేపటికి ఒంటిరంగు మారింది. వెళ్లినవాళ్లు తిరిగొచ్చారు. నమ్మకం కుదరటానికి మళ్లీ పాత యంత్రం పెట్టి చూస్తే బొగ్గుపులుసు వాయువు పెరిగింది, సంచి నొక్కితే తగ్గింది. ఆ అమ్మాయి బతికింది.

సరే, దారి తెలిసింది. కానీ సంచి నొక్కేదెవరు? వార్డుల్లో ఒక్కోసారి డెబ్బైమంది దాకా ఊపిరి కోసం ఎదురుచూసేవాళ్లే. పగలూ రాత్రీ ఆపకుండా నొక్కాలి. యంత్రం లేదు. అప్పుడు విశ్వవిద్యాలయం వైద్యవిద్యార్థులను రమ్మని అడిగారు. వంతులు వేసుకుని వచ్చారు. ఒక్కో వంతు ఆరు నుంచి ఎనిమిది గంటలు. మంచం తలవైపు కూర్చుని, ఒక చేత్తో సంచి నొక్కుతూ పిల్లలకి కథలు చదివి వినిపించేవారు. గొట్టం ఉన్న పిల్లలు మాట్లాడలేరు. కళ్లతో చెప్పేవారు, పెదవులు కదిపేవారు. ఏ కంటి కదలికకి ఏ అర్థమో ఆ విద్యార్థికి తెలిసిపోయేది.

మొత్తం 1,500 మంది విద్యార్థులు. అందరూ కలిసి నొక్కినది 1,65,000 గంటలు. బ్యాంకు బుద్ధి ఊరుకోదు గదా, ఆ బల్లమీదే కూర్చుని లెక్కవేశాను. మనిషికి 110 గంటలు. ఒక్కడే రాత్రింబవళ్లు ఆపకుండా నొక్కితే పద్దెనిమిదేళ్లు దాటుతుంది. నిమిషానికి 15 సార్లు అనుకున్నా సుమారు 15 కోట్ల సార్లు. అన్నిసార్లు ఎవరో ఒకరి ఊపిరి ఇంకొకరి చేతిలో ఉంది. నూటికి 87గా ఉన్న మరణాలు ఆ తర్వాత పాతికకు దిగాయి.

పాతికంటే సున్నా కాదు. నూటికి పాతికమంది ఆ పిల్లల చేతుల్లోనే పోయారు. రాత్రిళ్లు రోగులకి నిద్రాభంగం కాకుండా వార్డులో దీపాలు తగ్గించేవారు. ఆ మసక వెలుతుర్లో సంచి నొక్కుతూనే ఉండేవారు, తాము నొక్కుతున్న మనిషి ఎప్పుడో వెళ్లిపోయిన సంగతి తెల్లవారితే గానీ తెలిసేది కాదని ఆనాటి విద్యార్థి ఒకాయన తర్వాత చెప్పుకున్నాడు. ఇరవై ఏళ్ల పిల్లలు. మర్నాడు మళ్లీ వంతుకి వచ్చేవారు.

ఇది చదివినప్పుడే నాకు మా మేనల్లుడు గుర్తొచ్చాడు. ఆ వీధిలో కూర్చుంటే ఇంకా గుర్తొచ్చాడు. నా ముందునుంచి సైకిలు తోసుకుంటూ వెళ్లిన పిల్లల వయసు కాస్త అటూ ఇటుగా వాడిదే.

చెరువు అవతల

అక్కణ్ణించి లేచి ఫ్రీడెన్స్ వంతెన మీదుగా సోర్టెడామ్ చెరువు దాటాను. నీళ్లలో హంసలు, ఒడ్డున పరుగెత్తేవాళ్లు. అవతల ఒడ్డున కుడివైపు తిరిగితే పాత కమ్యూన్ హాస్పిటల్ కనిపిస్తుంది. 1853లో వచ్చిన కలరా తర్వాత కట్టటం మొదలుపెట్టి, 1863లో తెరిచిన ఆసుపత్రి. పసుపురంగు ఇటుక గోడలు, మధ్యన గోపురం. 1999లో ఆసుపత్రి మూసేశారు. ఇప్పుడు విశ్వవిద్యాలయం వారి తరగతి గదులున్నాయి. 1953 డిసెంబరులో ఇబ్సెన్ ఇక్కడే ఒక ప్రత్యేకమైన వార్డు పెట్టాడు. ఏ జబ్బయినా సరే, ప్రాణం మీదికొచ్చిన రోగులందరినీ ఒకచోట చేర్చి, ఇరవైనాలుగు గంటలూ పక్కనే మనిషి ఉండి చూసుకునే వార్డు. ఇవాళ మనమంతా ఐ.సి.యు. అంటున్నది అదే.

చేతులు చేసిన పనిని తర్వాత యంత్రాలు అందుకున్నాయి. స్వీడన్‌లో కార్ల్ గున్నార్ ఎంగ్‌స్ట్రోమ్ చేసిన యంత్రం గాలిని బయటినుంచి లాగకుండా లోపలికే నెట్టేది. ఇవాళ్టి వెంటిలేటర్లు ఆ కుటుంబంలోవే. రక్తంలో వాయువులను తేలిగ్గా కొలిచే పద్ధతిని బ్లెగ్డమ్ ఆసుపత్రి ప్రయోగశాల అధిపతి పౌల్ ఆస్ట్రుప్ ఆ అనుభవంతోనే తీర్చిదిద్దాడు. ఇక మన అంబులెన్సుల్లో కనిపించే రబ్బరు సంచి, మన ఆసుపత్రుల్లో అందరూ అంబు బ్యాగ్ అనేది, అదీ ఈ దేశానిదే. 1956లో మత్తుడాక్టరు హెన్నింగ్ రూబెన్, ఇంజనీరు హోల్గర్ హెస్సె కలిసి చేశారు. నొక్కి వదిలితే దానంతటదే మళ్లీ ఉబ్బాలి, సిలిండరు లేకపోయినా పనిచేయాలి. అదీ ఆలోచన. మొదటి నమూనాలో సంచి ఉబ్బటానికి సైకిలు చువ్వలు పెట్టారంటారు. ఈ ఊరిని చూశాక నమ్మబుద్ధేసింది.

పోలియోని చివరికి తరిమింది మాత్రం యంత్రం కాదు, టీకా. 1955లో సాల్క్ టీకా వచ్చిన వెంటనే డెన్మార్క్ తన పిల్లలకి వేయించింది. మన దేశంలో 1995లో పల్స్ పోలియో మొదలైంది. బ్యాంకులో మేమూ ఆ ఆదివారాలు చుక్కల శిబిరాలకి బల్లలూ కుర్చీలూ సర్దేవాళ్లం. అక్క తన బడి పిల్లల తమ్ముళ్లనీ చెల్లెళ్లనీ వరసలో నిలబెట్టి తీసుకొచ్చేది. ఎవరైనా తల్లి తటపటాయిస్తే ఏమీ మాట్లాడేది కాదు, చీర కుచ్చిళ్లు కాస్త పైకెత్తి క్యాలిపర్ చూపించేది. 2011 జనవరిలో హౌరాలో ఒక పాపకి వచ్చిందే మన దేశంలో చివరి కేసు. 2014 మార్చి 27న మనకి పోలియో లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది. ఆ రోజు అక్క స్వీట్లు పంచింది. అప్పటికే కాళ్లు పోయినవాళ్ల కోసం విశాఖపట్నంలో డాక్టర్ ఎస్.వి. ఆదినారాయణరావుగారు జీవితమంతా ఆపరేషన్లు చేసి, 2022లో పద్మశ్రీ అందుకున్నారు. అక్క ఉండి ఉంటే ఆ రోజూ స్వీట్లు పంచేదే.

వాడు అడిగిన ప్రశ్న

తిరిగొచ్చాక ఒక ఆదివారం సాయంత్రం మేనల్లుడి ఇంటికి వెళ్లాను. చాక్లెట్ల డబ్బా ఇచ్చాను. ఫోనులో ఫోటోలు చూపించాను. జలకన్య, రంగుల ఇళ్లు, రాగిరంగు టవరు, నేను కూర్చున్న బల్ల. వాడు ఒక్కొక్కటీ చూసి తిరిగి ఇస్తున్నాడు. బల్ల ఫోటో దగ్గర, "ఇదేంటి మావయ్యా, ఖాళీ బల్ల ఫోటో తీశావు?" అన్నాడు.

అప్పుడు చెప్పాను. 1952 వేసవి, ఒకే ఒక్క ఇనుప యంత్రం, ఇబ్సెన్, ఆ 12 ఏళ్ల అమ్మాయి, 1,500 మంది విద్యార్థులు. దీపాలు తగ్గించిన వార్డు సంగతి కూడా చెప్పాను. అది చెప్పాలా వద్దా అని దారంతా ఆలోచించాను గానీ, చెప్పేశాను. వాడు మధ్యలో ఒక్కమాటా మాట్లాడలేదు. అంతా అయ్యాక అడిగాడు.

"ఒక్కొక్కళ్లు ఎంతసేపు నొక్కేవారు?"

"ఆరు గంటలు, ఎనిమిది గంటలు."

"మధ్యలో చెయ్యి మార్చుకునేవారా?"

"మార్చుకోకుండా ఎవడు నొక్కగలడురా అంతసేపు? వాళ్లకైతే వంతు అయ్యాక ఇంకొకడు వచ్చి కూర్చునేవాడు. నీకెవరూ రాలేదు."

వాడు తన అరచేతుల వంక చూసుకున్నాడు. కాసేపటికి లేచి లోపలికి వెళ్లాడు. కళ్లు తుడుచుకోవటానికేమో అనుకున్నాను. గూట్లోంచి అక్క క్యాలిపర్ తీసుకొచ్చాడు. తోలుపట్టీలు కొంచెం ఎండిపోయాయి గానీ, ఇనుము తుప్పు పట్టలేదు. నాలుగేళ్లుగా నూనె రాస్తూ ఉన్నాడట, నాకు తెలీదు.

"దీన్ని సంఘం బడిలో పెట్టమంటావా మావయ్యా? అమ్మ కూర్చునే కుర్చీ పక్కన?" అన్నాడు.

పెడదామన్నాను. మన కార్యవర్గం ఒప్పుకుంది. వచ్చే ఉగాదికి బరంపురం వచ్చేవారు మన బడి గదిలోకి ఒకసారి తొంగిచూడండి. మీ ఇంట్లో చిన్నపిల్లలుంటే చుక్కల ఆదివారం ఎప్పుడో అక్కడి నోటీసు బోర్డుమీద రాసి ఉంటుంది. రాసేది మా మేనల్లుడే. ఆదివారం బడి కూడా ఇప్పుడు వాడే చూస్తున్నాడు.